నిధులు లేని విధులు (పాఠశాల విద్య)

పై స్థాయి ప్రభుత్వము ఒక పనిని చట్టము ద్వారా గానీ, ఉత్తర్వు ద్వారా గానీ కింది స్థాయి సంస్థకు తప్పనిసరి చేసి, ఆ పనికి కావలసిన సొమ్మును ఇవ్వకపోవుటను, లేదా చాలినంత ఇవ్వకపోవుటను '''నిధులు లేని విధులు''' అని చెప్పవచ్చును. పంచాయతీరాజ్ చర్చలలో "నిధులు, విధులు, అధికారాలు" అను మూడు మాటలు తరచుగా వినవచ్చును. ఈ మూడింటిలో విధి ఒక్కటే కిందికి దిగివచ్చి, మిగిలిన రెండును పైననే ఉండిపోవు స్థితి ఇది. ఈ వ్యాసములో తెలంగాణలోని స్థానిక సంస్థల పాఠశాలలకు సంబంధించి ఈ సమస్య వివరించబడినది. ఉదాహరణలు ఎక్కువగా మక్తల్ ప్రాంతము, పూర్వపు మహబూబ్ నగర్ జిల్లాలకు చెందినవి.

తెలంగాణ గ్రామములలోని బడులలో అత్యధికము "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల", "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అను పేర్లతో ఉన్నవి. పేరును బట్టి ఇవి స్థానిక సంస్థల ఆస్తి. కానీ ఉపాధ్యాయుని నియామకము, జీతము, బదిలీ, పాఠ్యపుస్తకము, పరీక్ష ఇవన్నియు రాష్ట్ర ప్రభుత్వము చేతిలో ఉన్నవి. ఊరికి మిగిలినవి గదులు ఊడ్చుట, మరుగుదొడ్లు కడుగుట, నీరు పట్టుట, వంట వండించుట, బడి మానిన పిల్లలను వెదకి తెచ్చుట. ఈ పనులకు డబ్బు ఎక్కడి నుండి రావలెనన్నదే అసలు ప్రశ్న.

మక్తల్ ప్రాంతము

మక్తల్ పట్టణము మహబూబ్ నగర్ నుండి రాయచూరు వెళ్ళు రహదారిపై, కర్ణాటక సరిహద్దుకు సమీపములో ఉన్నది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోను, తరువాత ఆంధ్ర ప్రదేశ్‌లోను, 2014 నుండి తెలంగాణలోను ఉన్నది. మహబూబ్ నగర్ జిల్లాను విభజించి 2019 ఫిబ్రవరి 17న ఏర్పరచిన నారాయణపేట జిల్లాలో ఇది చేరినది. 2018లో మక్తల్ మునిసిపాలిటీగా మారినది. చుట్టుపక్కల గ్రామములు పంచాయతీల కింద ఉన్నవి.

2011 జనాభా లెక్కల ప్రకారము అవిభక్త మహబూబ్ నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతము. అప్పటి ఆంధ్ర ప్రదేశ్‌లోని 23 జిల్లాలలో ఇదే అత్యల్పము. వర్షాధారపు సేద్యము, కరువుల వలన ఇక్కడి కుటుంబములు ముంబై, పుణె, హైదరాబాదు వంటి చోట్లకు కూలికి వలస పోవుట తరతరాలుగా ఉన్నది. "పాలమూరు లేబర్" అను పేరు ఆ విధముగా వచ్చినదే. బడి అవసరము ఎక్కువగా ఉండి, బడిని నడుపుకొనుటకు ఊరికి సొంత రాబడి తక్కువగా ఉన్న ప్రాంతము కనుక ఈ సమస్య ఇక్కడ స్పష్టముగా కనబడును.

చరిత్ర

బ్రిటిషు పాలనలోని ఆంధ్ర ప్రాంతములో పాఠశాలలను జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు నడిపెడివి. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము విద్యా పన్ను వేసుకొను అధికారమును కూడ స్థానిక సంస్థలకు ఇచ్చినది. అనగా విధితో పాటు నిధికి ఒక దారి చూపబడినది. నిజాం పాలనలోని తెలంగాణలో పాఠశాలలు ప్రధానముగా ప్రభుత్వ విద్యాశాఖ కిందనే ఉండెడివి.

బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో ఇచ్చిన నివేదిక తరువాత రాజస్థాన్, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములు మూడంచెల పంచాయతీరాజ్ వ్యవస్థను చేపట్టినవి. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ వ్యవస్థను 1959 అక్టోబరులో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ మహబూబ్ నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో ప్రారంభించినాడు. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చినవి. ఆ కాలములో ఉపాధ్యాయుల నియామకము, బదిలీలలో సమితులకు నిజమైన అధికారము ఉండెడిది. ఆ అధికారము దుర్వినియోగము కూడ అయినది. సమితి అధ్యక్షునికి ఇష్టము లేని పంతులును మారుమూల ఊరికి పంపుట వంటి ఆరోపణలు వచ్చినవి. తమను ప్రభుత్వ ఉద్యోగులతో సమానముగా చూడవలెనని ఉపాధ్యాయ సంఘములు కోరినవి. క్రమముగా జీతములు, నియామకములు, సర్వీసు నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వమునకు చేరినవి.

1986లో సమితుల స్థానములో మండల ప్రజా పరిషత్తులు వచ్చినవి. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చినది. దానికి అనుగుణముగా 1994లో ఆంధ్ర ప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము చేయబడినది. 1998లో మరియొక చట్టము ద్వారా తల్లిదండ్రులచే ఎన్నుకొనబడు పాఠశాల విద్యా కమిటీలు ఏర్పడినవి. తెలంగాణ రాష్ట్రము 2018లో తన సొంత పంచాయతీరాజ్ చట్టము చేసుకొనినది.

రాజ్యాంగము ఏమి చెప్పుచున్నది

73వ సవరణతో చేర్చబడిన 11వ షెడ్యూలులో 29 అంశములు ఉన్నవి. వానిలో 17వ అంశము ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. అయితే 243జి అధికరణము ప్రకారము ఈ అధికారములను శాసనసభ పంచాయతీలకు చట్టము ద్వారా "ఇవ్వవచ్చును". ఇచ్చి తీరవలెనని లేదు. ఏ అంశమును ఎంతవరకు బదిలీ చేయవలెనన్నది రాష్ట్రము ఇష్టము. నిధుల పంపిణీని సూచించుటకు 243ఐ అధికరణము కింద ప్రతి 5 సంవత్సరములకు రాష్ట్ర ఆర్థిక సంఘమును నియమించవలసి ఉన్నది. ఆ సంఘము సిఫారసు చేయును గానీ, ఆ సిఫారసును అమలు చేసి తీరవలెనన్న నిబంధన లేదు.

పన్నుల విషయములో కూడ అంచెల మధ్య తేడా ఉన్నది. గ్రామ పంచాయతీ ఇంటి పన్ను వసూలు చేసుకొనును. బడులు ఎవరి పేరున ఉన్నవో ఆ మండల, జిల్లా పరిషత్తులకు చెప్పుకోదగిన సొంత పన్నులు లేవు. గ్రంథాలయముల విషయము దీనికి భిన్నము. 1960 నాటి గ్రంథాలయ చట్టము కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు వసూలగును. ఊరి గ్రంథాలయమునకు సెస్సు ఉండగా, ఊరి బడికి అటువంటి సెస్సు లేదు.

విద్యా హక్కు చట్టము

2002లో 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణమును చేర్చి, 6 నుండి 14 సంవత్సరముల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కుగా చేసినది. దానిని అమలు చేయు విద్యా హక్కు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలగుచున్నది.

ఈ చట్టములో రెండు సెక్షన్లను పక్కపక్కన ఉంచి చదివినచో సమస్య మూలము తెలియును. 9వ సెక్షను స్థానిక సంస్థ విధులను వరుసగా చెప్పును. వానిలో ముఖ్యమైనవి:

* ప్రతి బాలునికి, బాలికకు ఉచిత నిర్బంధ విద్యను అందించుట
* సమీపములో బడి ఉండునట్లు చూచుట
* తన పరిధిలోని 14 సంవత్సరముల లోపు పిల్లల వివరముల పట్టిక ఉంచుట
* భవనము, ఉపాధ్యాయులు, బోధనోపకరణములు సమకూర్చుట
* పిల్లల చేరిక, హాజరు, చదువు పూర్తిచేయుటలను గమనించుట
* వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్చుకొనుట
* బడుల పనితీరును పర్యవేక్షించుట

7వ సెక్షను నిధుల గురించినది. చట్టము అమలుకు నిధులు సమకూర్చుట కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల ఉమ్మడి బాధ్యత అని అందులో ఉన్నది. స్థానిక సంస్థకు ఎంత, ఎప్పుడు, ఏ దారిన చేరవలెనో చెప్పలేదు. మరియొకవైపు 32వ సెక్షను ప్రకారము పిల్లల హక్కుకు భంగము కలిగినపుడు ఫిర్యాదు చేయవలసినది స్థానిక సంస్థకే. మూడు నెలలలో తీర్పు చెప్పవలసినది కూడ ఆ సంస్థయే. బడికి గది లేదని ఒక తల్లి ఫిర్యాదు చేసినచో, గది కట్టించు డబ్బు లేని సంస్థయే ఆమెకు సమాధానము చెప్పవలసి ఉండును.

కేంద్ర నిధులు మొదట సర్వ శిక్షా అభియాన్, 2018-19 నుండి సమగ్ర శిక్షా పథకము ద్వారా వచ్చుచున్నవి. కేంద్ర, రాష్ట్రముల వాటా 2015-16 నుండి 60:40. ఈ సొమ్ము రాష్ట్ర స్థాయి సొసైటీ నుండి బడి ఖాతాకు చేరును. మండల పరిషత్తుకు, పంచాయతీకి దీనిపై అధికారము లేదు.

ఉదాహరణలు

మధ్యాహ్న భోజనము

ప్రభుత్వ పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించినది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ పథకము 2003 జనవరిలో ప్రారంభమయినది. వంట బాధ్యత ఎక్కువగా డ్వాక్రా మహిళా సంఘములకు అప్పగించబడినది. బియ్యము ప్రభుత్వము ఇచ్చును. పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు సంఘములు ముందుగా కొని వండి, తరువాత బిల్లు పెట్టుకొనవలెను. తెలంగాణలో వారమునకు మూడు కోడిగుడ్లు కూడ పెట్టవలసి ఉన్నది. గుడ్డు ధర అంగడిలో మారుచుండగా, ప్రభుత్వము ఇచ్చు ధర నిర్ణీతముగా ఉండును. బిల్లు ఆలస్యమయినచో కిరాణా కొట్టులో అప్పు పెరుగును. అనగా ఒక జాతీయ పథకమునకు కొన్ని నెలల పెట్టుబడి ఊరిలోని పేద మహిళలు పెట్టుచున్నారు. వంటచేయువారికి కేంద్ర నిబంధనల ప్రకారము 2009లో నిర్ణయించిన గౌరవ వేతనము నెలకు 1,000 రూపాయలు. దీనికి అదనముగా ఇచ్చుట రాష్ట్రముల ఇష్టమునకు వదలబడినది.

2024 నవంబరు 20న మక్తల్‌కు సమీపములోని మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భోజనము తరువాత పలువురు విద్యార్థులు అస్వస్థులయినారు. కొందరికి మక్తల్ ఆసుపత్రిలో చికిత్స జరిగినది. వారము తిరుగకముందే అదే బడిలో మరికొందరు అస్వస్థులయినారు. తెలంగాణ హైకోర్టు ఈ విషయమును తీవ్రముగా పరిగణించినది. పాఠశాల స్థాయి సిబ్బందిపై సస్పెన్షను చర్యలు తీసుకొనబడినవి. అస్వస్థతకు కారణమేదైనను, ఇటువంటి సంఘటనలలో మొదట జవాబు చెప్పవలసి వచ్చునది బడిలోని వారే. సరకుల ధరను, వంటగది నిధులను, బిల్లుల చెల్లింపును నిర్ణయించు స్థాయి వేరు.

మరుగుదొడ్లు, పారిశుధ్యము

అన్ని పాఠశాలలలో ఆరు నెలలలోగా మంచినీరు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయవలెనని సుప్రీంకోర్టు 2012 అక్టోబరు 3న తీర్పు ఇచ్చినది. 2014-15లో స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమము కింద దేశమంతట మరుగుదొడ్లు కట్టబడినవి. కట్టుట ఒక్కసారి ఖర్చు, కడుగుట ప్రతిదినము ఖర్చు. ఈ రెండవ ఖర్చును గురించి ఆలోచన తక్కువగా జరిగినది.

తెలంగాణ బడులలో చిన్న గౌరవ వేతనముపై పనిచేసిన పారిశుధ్య కార్మికుల సేవలు కరోనా కాలములో నిలిపివేయబడినవి. 2021లో బడులు తిరిగి తెరచినపుడు శుభ్రము చేయు బాధ్యత గ్రామములలో పంచాయతీలకు, పట్టణములలో మునిసిపాలిటీలకు అప్పగించబడినది. పంచాయతీ కార్మికులకు అప్పటికే వీధులు, మురుగు కాలువలు, చెత్త సేకరణ, నర్సరీ, మొక్కల పని ఉన్నది. 2018 చట్టము ప్రకారము పంచాయతీ తన బడ్జెటులో 10 శాతము పచ్చదనమునకు కేటాయించవలెను. 15వ ఆర్థిక సంఘము నిధులలో 60 శాతము తాగునీరు, పారిశుధ్యములకు కట్టుబడినవి. మిగిలిన 40 శాతమును జీతములకు వాడరాదు. కనుక బడికి ఒక మనిషిని పెట్టుకొనుటకు పంచాయతీకి దారి లేకపోయినది. ఉపాధ్యాయ సంఘములు ఈ ఏర్పాటును వ్యతిరేకించినవి.

మరుగుదొడ్డి శుభ్రముగా లేనిచో ఎక్కువ నష్టపోవునది బాలికలు. నీరు త్రాగకుండ ఉండుట, నెలసరి దినములలో బడి మానుట వంటివి దీని ఫలితములు.

2024 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వము విద్యార్థుల సంఖ్యను బట్టి పారిశుధ్య నిధులు ఇచ్చుటకు నిర్ణయించినది. 30 మంది వరకు ఉన్న బడికి నెలకు 3,000 రూపాయలు, 750 మంది మించిన బడికి 20,000 రూపాయలు. ఈ అంకెలు వెనుకటి లోటును కూడ తెలుపుచున్నవి. 30 మంది లోపు బడికి సమగ్ర శిక్షా కింద వచ్చు సంవత్సరపు గ్రాంటు మొత్తము 10,000 రూపాయలు. సుద్దముక్కలు, కాగితములు, చిన్న మరమ్మతులు అన్నియు అందులోనే. శుభ్రతకు మాత్రమే పది నెలలకు 30,000 రూపాయలు కావలెనని ప్రభుత్వమే తేల్చినది. అనగా మూడేళ్ళ పాటు ఆ పని దాదాపు నిధి లేని విధిగా నడచినది.

విద్యుత్తు

బడులకు పంకాలు, కంప్యూటర్లు, తరువాత డిజిటల్ తరగతులు వచ్చినవి. కరెంటు బిల్లు మాత్రము అదే పాఠశాల గ్రాంటు నుండి కట్టవలసి వచ్చెడిది. 2024 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవ సందర్భముగా ప్రభుత్వ విద్యాసంస్థలన్నింటికి ఉచిత విద్యుత్తును రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినది.

మన ఊరు - మన బడి

ఈ కార్యక్రమమును 2022 మార్చి 8న ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు వనపర్తిలో ప్రారంభించినాడు. 26,065 బడులకు 7,289 కోట్ల రూపాయల అంచనాతో, మొదటి దశలో 9,123 బడులను ఎంచుకొనినారు. నిధులు ఉపాధి హామీ, సమగ్ర శిక్షా, స్థానిక సంస్థల నిధులు మొదలగు అనేక మూలముల నుండి కూర్చబడినవి. పనులలో పాఠశాల యాజమాన్య కమిటీలకు భాగము ఇచ్చుట ఇందులోని మంచి విషయము. కానీ బిల్లులు ఆలస్యమగుటతో అనేక చోట్ల పనులు మధ్యలో ఆగినవి.

వలస పిల్లలు

వలస వెళ్ళిన పిల్లవానిని చేర్చుకొనుట, వాడు వెళ్ళిన చోటి స్థానిక సంస్థ విధి. కానీ పిల్లవానితో పాటు నిధి వెళ్ళదు. గ్రాంటు గత లెక్కలలోని విద్యార్థుల సంఖ్యపై ఆధారపడును. పంట కోతల తరువాత తల్లిదండ్రులతో పోయి, వానలకు తిరిగివచ్చు పిల్లవాడు రెండు చోట్లలోను లెక్క తప్పు ప్రమాదము కలదు.

ఉపాధ్యాయుల సమయము

విధి ఎల్లప్పుడును డబ్బు రూపములోనే ఉండదు. 2024 డీఎస్సీ ద్వారా 11,062 పోస్టులకు నియామక ప్రక్రియ రాష్ట్ర స్థాయిలోనే జరిగినది. అదే సంవత్సరము నవంబరు 6 నుండి జరిగిన ఇంటింటి కుటుంబ సర్వేలో 36 వేలకు పైగా ఎస్జీటీలు వినియోగించబడినారు. ఆ దినములలో ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట మాత్రమే నడచినవి. విద్యా హక్కు చట్టపు 27వ సెక్షను జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదని చెప్పుచున్నది. ఈ నిర్ణయములలో ఊరి అనుమతి అవసరము లేదు.

స్థానిక అధికారము ఎవరి చేతిలో

ఒక ఊరి బడికి సంబంధించి అనేక సంస్థలు ఉన్నవి. విద్యా హక్కు చట్టపు 21వ సెక్షను కింద పాఠశాల యాజమాన్య కమిటీ ఉన్నది. ఇందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము మంది మహిళలు ఉండవలెను. బడి అభివృద్ధి ప్రణాళికను ఈ కమిటీ తయారు చేయవలెను. 2024 మార్చిలో మహిళా సంఘముల నాయకత్వములో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పరచబడినవి. మరమ్మతులు, పారిశుధ్య నిధులు వీని ద్వారా నడచినవి. పంచాయతీ, మండల పరిషత్, జిల్లా పరిషత్ వేరుగా ఉన్నవి. ఏదైనను పని జరుగనపుడు ఎవరిని అడుగవలెనో తల్లిదండ్రులకు తెలియుట కష్టము.

పైగా ఎన్నికలు సకాలములో జరుగని కాలములో ఈ సంస్థలకు పాలకవర్గమే ఉండదు. తెలంగాణ గ్రామ పంచాయతీల పదవీకాలము 2024 ఫిబ్రవరి 1తోను, మండల, జిల్లా పరిషత్తుల పదవీకాలము 2024 జూలైలోను ముగిసినది. తరువాత ప్రత్యేకాధికారుల పాలన వచ్చినది. గ్రామ పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగినవి. 15వ ఆర్థిక సంఘము నిధులకు ఎన్నికైన పాలకవర్గము ఉండుట ఒక షరతు కనుక, ఎన్నికల ఆలస్యము నిధుల ఆలస్యముగా కూడ మారినది.

ఇతర చోట్ల

అమెరికాలో పాఠశాల జిల్లాలకు ఎన్నికైన బోర్డు, సొంత ఆస్తి పన్ను ఉండును. అక్కడ కూడ ఈ వివాదము పాతదే. వికలాంగ బాలల విద్యకై 1975లో చేసిన చట్టములో ఒక్కొక్క విద్యార్థిపై అగు జాతీయ సగటు ఖర్చులో 40 శాతము వరకు కేంద్రము భరించునని చెప్పబడినది. ఆ మొత్తము ఏనాడును పూర్తిగా అందలేదు. కాలిఫోర్నియా ప్రజలు 1979లో రాజ్యాంగ సవరణ ద్వారా, రాష్ట్రము కొత్త విధి వేసినచో ఖర్చు కూడ తిరిగి చెల్లించవలెనని నిర్ణయించినారు. 1995లో నిధులు లేని విధుల సంస్కరణ చట్టము వచ్చినది. విద్యా ప్రమాణములపై 2002లో వచ్చిన చట్టము తమపై ఖర్చు మోపుచున్నదని కొన్ని పాఠశాల జిల్లాలు 2005లో దావా వేసినవి. 2009లో అప్పీలు న్యాయమూర్తులు సమానముగా చీలిపోవుటతో దావాను కొట్టివేసిన కింది కోర్టు తీర్పు నిలిచినది.

మన దేశములో కేరళ 1990వ దశకములో బడులను స్థానిక సంస్థలకు బదిలీ చేసినది. ఉపాధ్యాయుల జీతము రాష్ట్రమే ఇచ్చును. బదిలీ అయిన భవనముల బాగోగులకు ప్రత్యేకముగా ఒక నిర్వహణ నిధిని స్థానిక సంస్థలకు ఇచ్చుచున్నది.

వాదోపవాదములు

విధులను పైనుండి నిర్దేశించుటను సమర్థించువారు చెప్పు కారణములు బలమైనవే. పేద జిల్లా అయినందున పిల్లవాని హక్కు తగ్గరాదు. ఊరికి వదలివేసినచో బాలికల మరుగుదొడ్డి, దళిత బాలుని పక్కన భోజనము, వలస పిల్లవాని చేరిక వంటివి వెనుకబడిపోవచ్చును. సమితుల కాలపు బదిలీల అనుభవము కూడ వారు గుర్తుచేయుదురు. పూర్తిగా సొంత పన్నుపై ఆధారపడినచో మక్తల్ వంటి ప్రాంతము నగర శివారు పంచాయతీలతో పోటీ పడలేదు.

మరియొక వాదన ప్రకారము, హక్కును పైవారు ప్రకటించి ఖర్చును కిందివారికి వదలినచో ఆ హక్కు కాగితముపైననే మిగులును. నిర్దేశించినవారికి ఖర్చు తెలియదు, ఖర్చు పెట్టువారికి నిర్ణయము ఉండదు. తప్పు జరిగినపుడు ఇద్దరును ఒకరినొకరు చూపించుదురు.

ఈ రెండు వాదనలు పరస్పర విరుద్ధములు కావు. ప్రమాణమును పైస్థాయి నిర్ణయించుటలో తప్పు లేదు. ప్రమాణముతో పాటు దాని ఖరీదును కూడ ఆ స్థాయియే ఒప్పుకొనవలెననునది రెండింటి మధ్య కుదురు మార్గము.

సూచనలు

ఈ సమస్యపై సాధారణముగా చర్చలోనికి వచ్చు సూచనలు ఇవి:

* బడులపై కొత్త బాధ్యత వేయు ప్రతి ఉత్తర్వులోను దాని సంవత్సరపు ఖర్చు, ఆ ఖర్చు భరించు పద్దు తెలుపవలెను.
* పాఠశాల గ్రాంటు జూన్‌లో బడి తెరచునాటికే ఖాతాలో చేరవలెను.
* వంట సంఘములకు తరువాత బిల్లు చెల్లించుటకు బదులు ముందుగా కొంత సొమ్ము ఇవ్వవలెను.
* కట్టడము మంజూరు చేయునపుడు దాని నిర్వహణ ఖర్చును కూడ మంజూరు చేయవలెను.
* వలస బాలుని గ్రాంటు అతడు చేరిన బడికి వెళ్ళవలెను.
* యాజమాన్య కమిటీ తయారు చేయు అభివృద్ధి ప్రణాళికకు నిధుల కేటాయింపుతో సంబంధము ఉండవలెను.

వీనిలో కొన్నింటికి చట్టము మార్చవలసిన అవసరము లేదు. 2024లో పారిశుధ్య నిధులు, ఉచిత విద్యుత్తు మంజూరు చేసిన విధముగా ఉత్తర్వుతోనే సాధ్యము. అయితే ఉత్తర్వుతో వచ్చినది ఉత్తర్వుతోనే పోవచ్చును. 2020-21లో పారిశుధ్య కార్మికుల విషయములో జరిగినది అదే. నిధికి కూడ విధికి ఉన్నంత చట్టబద్ధత ఉన్నపుడే మండల పరిషత్, జిల్లా పరిషత్ అను పేర్లకు బడి గోడపై అర్థము ఏర్పడును.